ఖాళీ అనుకున్న నేల: అలాస్కాలో అలాట్‌మెంట్లు, అందరి దారులు

ఆ జూలై సాయంత్రం నుషగాక్ నదిలో నీరు పెరుగుతూ వచ్చింది. మేం నలుగురం రబ్బరు పడవలో దిగువకు వస్తూ ఒక కంకర మేట మీద గుడారం వేసుకున్నాం. రెండు గంటలు గడిచేసరికి నీళ్లు గుడారం తాళ్ల దాకా వచ్చాయి కాబట్టి, సామాను భుజాన వేసుకుని ఒడ్డెక్కి, గడ్డి ఏపుగా పెరిగిన చదునైన చోటు చూసుకుని గుడారాన్ని అక్కడికి మార్చాం. కంచె లేదు, బోర్డు లేదు, మనిషి అలికిడి లేదు. ఆల్డర్ పొదల వెనక నాలుగు గుంజల మీద అడ్డకర్రలు కట్టిన పందిరి ఒకటి కనిపించింది గానీ, ఎవరో ఎప్పుడో వదిలేసి వెళ్లినదై ఉంటుందని అనుకున్నాం.

ఇంకో గంటకు అల్యూమినియం పడవలో ఒక పెద్దావిడ, ఆమె మనవడు వచ్చారు. ఆమె యూపిక్ తెగ మనిషి. కోప్పడలేదు. నన్ను పిలిచి, పందిరికి పదడుగుల అవతల గడ్డిని చేత్తో పక్కకు నెట్టి నేలలో పాతిన ఒక గుర్తు చూపించారు. గుప్పెడంత ఇత్తడి బిళ్ల అది. దాని మీద సర్వే నంబరు, మూల నంబరు, సర్వే చేసిన సంవత్సరం చెక్కి ఉన్నాయి. "కింద మేట మీద మీరు ఎన్నాళ్లున్నా నేను అడగను, అది రాష్ట్రానిది. గట్టెక్కాక మాత్రం ఇది మా అమ్మ అలాట్‌మెంట్. చేపలు ఎండబెట్టే చోటు. నీళ్లు పెరిగాయి కాబట్టి ఈ రాత్రికి ఉండండి, పచ్చికొమ్మలు నరకొద్దు, పొద్దున్నే దిగిపోండి" అన్నారు. ఆ తర్వాత మనవడి చేత పందిరి కర్రలు తుడిపించి, నిలువుగా చీల్చిన కింగ్ సాల్మన్ పేళ్లను ఒక్కొక్కటే ఆరవేశారు. చీకటి పడని ఆ ఉత్తరాది రాత్రిలో ఎర్రటి ఆ పేళ్ల నుంచి నూనె బొట్లు బొట్లుగా గడ్డి మీద పడుతుంటే చూస్తూ కూర్చున్నాను.

అప్పటికి నేను అలాస్కాకు వచ్చి రెండేళ్లయింది. భూమి పటాలు చూడడమే నా ఉద్యోగం. అయినా నా చేతిలో ఉన్న పటంలో ఆ ఒడ్డంతా ఒకే రంగులో ఉంది. ఆ రంగుకు నేను చెప్పుకున్న అర్థం 'ప్రభుత్వ భూమి, అంటే అందరిదీ' అని. ఆ పొరపాటు నన్ను చాలా కాలం బాధపెట్టింది. అలాస్కాలో మూలవాసుల అలాట్‌మెంట్లకూ, ప్రజలు వాడుకునే దారులకూ, తీరాలకూ మధ్య నడిచే తగాదాల గురించి చదవడం, తెలిసినవాళ్లను అడగడం ఆ రాత్రి నుంచే మొదలైంది. అలా నాకు అర్థమైనది ఇక్కడ రాస్తున్నాను.

అలాట్‌మెంట్ అంటే, 1906లో అమెరికా కాంగ్రెస్ చేసిన అలాస్కా నేటివ్ అలాట్‌మెంట్ చట్టం కింద ఒక మూలవాసి వ్యక్తికి 160 ఎకరాలకు మించకుండా దక్కిన భూమి. మిగతా అమెరికాలో 1887 నాటి డాస్ చట్టం రిజర్వేషన్లను, అంటే తెగలకు ఉమ్మడిగా కేటాయించిన భూములను, ముక్కలు చేసి పంచితే, అలాస్కాలో రిజర్వేషన్లు దాదాపు లేవు కాబట్టి ఈ చట్టం ఖాళీగా ఉన్న, ఎవరికీ కేటాయించని, దేనికీ ప్రత్యేకించని కేంద్ర ప్రభుత్వ భూమి నుంచే ఇవ్వమంది. ఆ భూమిని ప్రభుత్వ ఆమోదం లేకుండా అమ్మడానికి వీల్లేదు, దాని మీద పన్ను లేదు. 1956 సవరణతో, ఆ భూమిని కనీసం 5 ఏళ్ల పాటు దాదాపు ఎడతెగకుండా వాడుకున్నట్టు రుజువు చూపాలన్న షరతు చేరింది.

తగాదాకు బీజం ఈ 'ఖాళీ' అనే మాటలోనే ఉందని నా నమ్మకం. దున్నిన చాలు, కట్టిన ఇల్లు, వేసిన కంచె ఉంటేనే వాడకం అని భావించే కళ్లకు, ఏడాదిలో ఆరు వారాలు చేపల కోసం, మరో రెండు వారాలు బెర్రీల కోసం, చలికాలమంతా ఉచ్చులు వేసుకోవడానికి వచ్చిపోయే కుటుంబం ఆనవాలు కనిపించదు. చట్టం అమలుకు ప్రభుత్వం రాసిన నియమావళి ఈ సంగతిని కొంతవరకు గుర్తించింది. జీవనాధారం కోసం రుతువుల వారీగా ఆచారం ప్రకారం చేసే వాడకాన్ని లెక్కలోకి తీసుకోవాలని చెప్పింది. అయితే ఆ వాడకం ఇతరులను మినహాయించగలిగే స్థాయిలో ఉండాలనీ, అడపాదడపా వచ్చిపోయినంత మాత్రాన చాలదనీ కూడా అదే నిర్వచనంలో రాసింది. చేపల కోసం వచ్చిన పరాయివాడికి కూడా ఎండు చేప పెట్టి పంపే సంప్రదాయం ఉన్న కుటుంబం, తాము ఇతరులను ఎలా మినహాయించామో అధికారి ముందు నిరూపించుకోవలసి వచ్చిందంటే, ఆ విచారణలు ఎంత కష్టంగా నడిచి ఉంటాయో ఊహించుకోవచ్చు.

రెండో కారణం భూగోళం. మూలవాసి కుటుంబాలు ఎంచుకున్న చోట్లు యాదృచ్ఛికమైనవి కావు. వాగు నదిలో కలిసే చోటు, సరస్సు నుంచి నీరు బయటికి వచ్చే ముఖం, వరద తాకని గట్టు, పడవ కట్టడానికి వీలైన వంపు, కొండల మధ్య నడవదగిన ఒకే ఒక కనుమ వంటివి అవి. తర్వాత వచ్చిన గని తవ్వేవాడికి, రోడ్డు వేసే ఇంజినీరుకు, చిన్న విమానం దించే పైలట్‌కు, గాలం వేసే పర్యాటకుడికి కూడా సరిగ్గా అవే చోట్లు కావాలి. లక్షల ఎకరాలు చుట్టూ పడి ఉన్నా తగాదా ఎప్పుడూ అదే నాలుగెకరాల దగ్గర వస్తుంది. ఇంత విశాలమైన రాష్ట్రంలో భూమి గొడవలేమిటని నన్ను అడిగేవాళ్లకు నేను మొదట చెప్పే జవాబు ఇదే.

1906 చట్టం వచ్చిన తర్వాత మొదటి యాభై ఏళ్లలో చాలా కొద్దిమందికే పట్టాలు అందాయి. చట్టం ఉన్నట్టే మారుమూల పల్లెలకు సరిగ్గా తెలియలేదు. 1959లో అలాస్కా రాష్ట్రమైంది. రాష్ట్రావతరణ చట్టం కింద పది కోట్ల ఎకరాలకు పైగా భూమిని ఎంచుకునే హక్కు దానికి వచ్చింది. ఆ తర్వాత 1971 డిసెంబర్ 18న మూలవాసుల క్లెయిముల పరిష్కార చట్టం అమల్లోకి వచ్చి, దాదాపు 4.4 కోట్ల ఎకరాలను మూలవాసులే వాటాదారులుగా ఏర్పడిన ప్రాంతీయ, గ్రామ కంపెనీలకు, అంటే కార్పొరేషన్లకు, ఇస్తూనే 1906 చట్టాన్ని రద్దు చేసింది. ఆ తేదీకి పెండింగ్‌లో ఉన్న దరఖాస్తులు మాత్రం నిలిచాయి. గడువు ముంచుకొస్తున్నదని తెలిసి చివరి రెండేళ్లలో పల్లె పల్లెకూ తిరిగి హడావుడిగా నింపిన దరఖాస్తులు వేలల్లో ఉన్నాయి. చిన్న స్కేలు పటం మీద పెన్సిల్‌తో పెట్టిన ఒక గుర్తు, 'వాగు మలుపు దగ్గర' అన్న ఒక వాక్యం, అంతే ఆధారం. ఆ గుర్తు మైలు అటో ఇటో పడితే అది రాష్ట్రం ఎంచుకున్న భూమిలోనో, గ్రామ కార్పొరేషన్ భూమిలోనో, కొన్నిసార్లు నది మధ్యలోనో తేలేది.

ఆ దరఖాస్తులను మొదట్లో కార్యాలయంలో కూర్చునే, కాగితం చూసే తిరస్కరించేవారు. 1976లో పెన్స్ వర్సెస్ క్లెప్పీ కేసులో పశ్చిమ రాష్ట్రాల అప్పీళ్లు వినే కేంద్ర కోర్టు, అంటే తొమ్మిదవ సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు, దరఖాస్తుదారు మాట నోటితో వినకుండా తిరస్కరించడం చెల్లదని చెప్పింది. నా దృష్టిలో ఈ మొత్తం చరిత్రలో అతి ముఖ్యమైన తీర్పు అదే. ఇంగ్లీషు రాయడం రాని వృద్ధుడు తన భాషలో, దుభాషి సాయంతో, 'మా నాన్న ఉచ్చు ఇక్కడ పెట్టేవాడు, గుడిసె అక్కడ ఉండేది, ఫలానా వరదకు కొట్టుకుపోయింది' అని చెప్పగలిగితే తప్ప ఆ నేల ఖాళీగా లేదని తెలిసే మార్గం మరొకటి లేదు.

1980 డిసెంబర్ 2న వచ్చిన చట్టం, అంటే అలాస్కా జాతీయ ప్రయోజన భూముల పరిరక్షణ చట్టం, తన 905వ సెక్షన్‌లో ఈ దరఖాస్తుల గుట్టను ఒక్కసారిగా తగ్గించడానికి ప్రయత్నించింది. కొన్ని మినహాయింపులకు లోబడి, 1971 గడువుకు పెండింగ్‌లో ఉన్న దరఖాస్తులు 180వ రోజున వాటంతటవే ఆమోదం పొందుతాయని చెప్పింది. ప్రజా వాడకం ప్రశ్న మినహాయింపుల్లో వస్తుంది. దరఖాస్తు చేసిన భూమి ప్రభుత్వ భూములకో, వనరులకో, రవాణాకు నిత్యం వాడే జలమార్గానికో చేరుకోవడానికి అవసరమని రాష్ట్రం ఆ గడువులోగా అభ్యంతరం చెబితే ఆటోమేటిక్ ఆమోదం ఆగి, విచారణ మొదలవుతుంది. అయితే అభ్యంతరం ఊరికే చెబితే చాలదు. ఏ దారి, ఎక్కడి నుంచి ఎక్కడికి అన్న వివరాలు స్పష్టంగా చూపాలి, సహేతుకమైన ప్రత్యామ్నాయ దారి లేదని కూడా చెప్పాలి.

ఈ షరతును నేను చాలాసార్లు చదివాను. చదివిన ప్రతిసారీ దీన్ని రాసినవాళ్ల మీద గౌరవం పెరిగింది. 'ప్రజలకు కావాలి' అన్న పెద్ద మాట దగ్గర ఆగకుండా, కావలసినది ఏ బాట, ఎంత వెడల్పు, వేరే బాట ఎందుకు పనికిరాదు అన్న చిన్న ప్రశ్నలకు దింపింది. తగాదాలో సగం పెద్ద మాటల వల్ల పుడుతుంది. ఒకరు 'మా తాతల నేల' అంటారు, మరొకరు 'ప్రజల హక్కు' అంటారు. రెండూ నిజమే కాబట్టి రెండూ కదలవు. అదే 25 అడుగుల కాలిబాట గురించి మాట్లాడుకుంటే, దాన్ని పందిరికి ఇటు కాకుండా అటు నుంచి తిప్పవచ్చా అన్న మాట దాకా రాగలుగుతారు. ఇద్దరు దరఖాస్తుదారుల హద్దులు ఒకదానిపై ఒకటి పడినప్పుడు వర్ణనలను సర్దుబాటు చేసి తగాదా తీర్చే వెసులుబాటునూ, తప్పుగా పడిన గుర్తును అసలు ఉద్దేశించిన చోటికి సవరించుకునే వెసులుబాటునూ అదే సెక్షన్ ఇచ్చింది.

రోడ్ల తగాదాలు ఇంతకంటే ముదిరాయి. అలాస్కాలో చాలా రోడ్లకు దారి హక్కు 1940లు, 1950ల నాటి ప్రభుత్వ ఉత్తర్వుల నుంచి వస్తుంది. రోడ్డుకు కంకర తవ్వుకునే క్వారీ స్థలాలను కూడా ఆ తర్వాత కేటాయించుకుంటూ పోయారు. అలాట్‌మెంట్ పట్టా మాత్రం 1980లలోనో, ఆ తర్వాతో చేతికి వస్తుంది. తేదీలు చూస్తే రోడ్డే ముందు. కానీ కేంద్ర భూములను చూసే అంతర్గత వ్యవహారాల శాఖ అప్పీళ్ల బోర్డు అనుసరించిన సూత్రం వేరు: సకాలంలో దరఖాస్తు చేసిన మూలవాసి ప్రాధాన్య హక్కు, పట్టా తేదీకి కాకుండా ఆ కుటుంబం ఆ నేలను వాడడం మొదలుపెట్టిన రోజుకు వెనక్కి వెళ్తుంది. 1940లో మొదలైన చేపల శిబిరం మీదుగా 1960లో ఇచ్చిన దారి హక్కు, ఈ లెక్క ప్రకారం, ఇవ్వగలిగే అధికారం లేనిచోట ఇచ్చినదవుతుంది. రాష్ట్రం దీన్ని సవాలు చేసింది. 1990లలో తొమ్మిదవ సర్క్యూట్ కోర్టు, భూమి హక్కు విషయంలో కేంద్రం మీద దావా వేయడానికి వీలిచ్చే 1972 నాటి హక్కు నిర్ధారణ చట్టం మూలవాసుల కోసం కేంద్రం ట్రస్టుగా ఉంచిన భూములను తన పరిధి నుంచి మినహాయించింది కాబట్టి, ఈ దావాను వినే అధికారమే కోర్టుకు లేదని తేల్చింది.

మూలవాసి కుటుంబాల దృష్టిలో అది న్యాయం, నేను కూడా ఆ సూత్రం సరైనదే అంటాను. మొదట వాడినవాడి హక్కు కాగితం ఆలస్యమైనంత మాత్రాన చెడకూడదు. కానీ కోర్టు తలుపు మూసుకున్నంత మాత్రాన రోడ్డు మాయం కాదు. బస్సులు, ట్రక్కులు ఆ రోడ్డు మీదే తిరుగుతాయి. ప్రభుత్వ భూముల మీదుగా రోడ్లకు దారి హక్కు ఇచ్చిన 1866 గనుల చట్టం నిబంధన ఆధారంగా రాష్ట్రం కోరుతున్న వందల పాత బాటల సంగతి కూడా ఇంతే. ఆ నిబంధన 1976లో రద్దయినా, అప్పటికే ఏర్పడిన బాటలు మిగిలాయని వాదన నడుస్తూనే ఉంది. ఎవరూ ఎవరినీ పూర్తిగా ఓడించలేని ఈ స్థితిలో కూర్చుని మాట్లాడుకోవడం తప్ప మిగిలిన దారి లేదు. ఆ మాటలకు కోర్టు కంటే ఎక్కువ ఓపిక కావాలి.

కేంద్రం పొరపాటున రాష్ట్రానికి రాసిచ్చేసిన అలాట్‌మెంట్ల కథ కొంత నయం. 1979లో అగ్విలార్ కేసులో, మూలవాసి దరఖాస్తు పెట్టుకున్న భూమిని కేంద్రం రాష్ట్రానికి బదిలీ చేసి ఉంటే, ఆ దరఖాస్తును విచారించి, అది చెల్లేదైతే భూమిని తిరిగి రాబట్టే బాధ్యత కేంద్రానిదేనని అలాస్కా జిల్లా కోర్టు చెప్పింది. ఆ తర్వాత ఇరుపక్షాలు ఒప్పుకున్న పద్ధతి ప్రకారం విచారణ జరుగుతుంది. రాష్ట్రం అంగీకరించినచోట తన హక్కును వదులుకుంటూ భూమిని కేంద్రానికి తిరిగి రాసిస్తుంది, కేంద్రం దాన్ని కుటుంబానికి ఇస్తుంది. తిరిగి రాసిచ్చే ముందు అక్కడ ఉన్న బాటలను రాష్ట్రం గుర్తిస్తుంది, బేరం అక్కడ మొదలవుతుంది. ఈ పని కేసుకు కేసుగా, ఏళ్ల తరబడి సాగుతుంది. దరఖాస్తుదారు చనిపోయి, వారసుల్లో కొందరు కూడా పోయాక పట్టా వచ్చిన సందర్భాలున్నాయి.

వారసుల ప్రస్తావన వచ్చింది కాబట్టి ఒక మాట. అలాట్‌మెంట్ మీదుగా ఎవరికైనా దారి హక్కు కావాలంటే ఇప్పుడు అమెరికా మూలవాసుల వ్యవహారాలు చూసే కేంద్ర సంస్థ బ్యూరో ఆఫ్ ఇండియన్ అఫైర్స్ నియమాల ప్రకారం దరఖాస్తు పెట్టి, యజమానుల సమ్మతి తీసుకుని, పరిహారం చెల్లించాలి. మూడు తరాలు గడిచేసరికి ఒక అలాట్‌మెంట్‌కు ఇరవై, ముప్పై మంది వాటాదారులవుతారు. ఒకరు పల్లెలో, ఒకరు యాంకరేజ్‌లో, మరొకరు సియాటిల్‌లో ఉంటారు. వాటాల్లో మెజారిటీ సమ్మతి కావాలి కాబట్టి, దారి అడిగినవాళ్లు అందరినీ వెతుక్కుంటూ వెళ్లాలి. దీన్ని అడ్డంకి అనేవాళ్లున్నారు. నేను దీన్ని పరిష్కారంలో భాగం అంటాను, ఎందుకంటే అడిగించుకోవడం ఆ కుటుంబాలకు చాలా కాలం దక్కని మర్యాద. బ్రిస్టల్ బే నేటివ్ అసోసియేషన్, టనానా చీఫ్స్ కాన్ఫరెన్స్ వంటి మూలవాసుల సంస్థలే తమ ప్రాంతాల్లో ఈ భూమి వ్యవహారాల సేవలు నడుపుతున్నాయి కాబట్టి, అడగవలసిన చోటు అంత దూరం కూడా కాదు.

దారి హక్కు ఎలా ఉండాలో చూపడానికి 1971 చట్టంలోని 17(బి) ఈస్‌మెంట్లు, అంటే ఇతరుల భూమి మీదుగా దాటిపోయే హక్కులు, మంచి నమూనా. అవి అలాట్‌మెంట్లకు వర్తించవు. కార్పొరేషన్ భూముల మీదుగా ప్రభుత్వ భూములకు, పెద్ద జలమార్గాలకు చేరడానికి ప్రజలకు ఉంచినవి. కాలిబాటకు 25 అడుగులు, కొన్నింటికి 50, రోడ్డుకు ఇంకొంచెం వెడల్పు. మధ్యలో ఎకరం విస్తీర్ణంలో చిన్న మజిలీ, అక్కడ సామాను దించడానికో, విడిది చేయడానికో 24 గంటలే గడువు. నడిచి వెళ్లవచ్చు గానీ, ఆ బాట మీద నిలబడి వేటాడడానికో, గాలం వేయడానికో అది అనుమతి కాదు. హక్కు దాటిపోవడానికి మాత్రమే అని ఇంత స్పష్టంగా రాసి ఉన్నా, బాట చివర ఉన్న ఒడ్డంతా తమదే అనుకునే వినోద యాత్రికులు ప్రతి వేసవిలో కనిపిస్తారు. నేను ఆ ఒడ్డు మీద చేసినదీ అదే. నావిగబుల్ నదుల, అంటే పడవలు నడవగల నదుల, అడుగు నేల సాధారణ గరిష్ఠ నీటి గుర్తు దాకా రాష్ట్రానిదే కాబట్టి, ఆ గుర్తుకు దిగువన కంకర మేట మీద మాకు హక్కు ఉంది. నాలుగడుగులు పైకి ఎక్కగానే ఆ హక్కు పోయింది. ఆ నాలుగడుగుల తేడా నేల మీద ఎక్కడా గీసి లేదు. పర్యాటకులకు పడవలు అద్దెకిచ్చేవాళ్లు, గైడ్లు బయలుదేరే ముందు చేతిలో పెట్టే పటంలో అలాట్‌మెంట్ హద్దులు వేరే రంగులో ఉంటే చాలు, సగం అతిక్రమణలు ఆగిపోతాయని నా అనుభవం.

మిగిలిన గాయం మాజీ సైనికులది. 1971 గడువు దగ్గర పడిన రోజుల్లో వియత్నాం యుద్ధ కాలపు సైన్యంలో ఉండి దరఖాస్తు పెట్టలేకపోయిన మూలవాసుల కోసం 1998లో ఒక చట్టం వచ్చింది. దాని షరతులు బిగువుగా ఉండడంతో కొద్దిమందికే భూమి దక్కింది. 2019లో వచ్చిన డింగెల్ చట్టం ఆ వాడకం రుజువు షరతును తీసివేసి, 1964 ఆగస్టు 5 నుంచి 1971 డిసెంబర్ 31 మధ్య పనిచేసినవారికీ, వారు లేకపోతే వారసులకూ రెండున్నర నుంచి 160 ఎకరాల దాకా ఇవ్వడానికి 5 ఏళ్ల గడువు పెట్టింది. ఒకే భూమిని ఇద్దరు కోరితే ముందు వచ్చిన దరఖాస్తుకు ప్రాధాన్యం, రెండోవారికి మరోచోటు ఎంచుకునే అవకాశం అని తగాదా తీర్చే పద్ధతి కూడా ముందే రాశారు. అయితే జాతీయ పార్కులు, అడవులు, వన్యప్రాణి ఆశ్రయాలు ఈ పథకంలో లేవు. ఆగ్నేయ అలాస్కా సైనికుడి పూర్వీకుల నేల దాదాపు అంతా టోంగాస్ జాతీయ అటవీ భూమి. ఆయనకు దొరికేది వందల మైళ్ల అవతల, తాత ముత్తాతలు చూడని నేల. 'ప్రజా భూమి' అని గీసిన గీత లోపల ఉండిపోయిన ఇంటి నేల కళ్లెదుట ఉండగా, తెలియని ఉత్తర దిక్కున ఎంచుకోమనడాన్ని పరిష్కారం అని పిలవడానికి నాకు నోరు రావడం లేదు.

ఆ మరుసటి వేసవి అదే నది మీద వెళ్లే ముందు ప్రాంతీయ సంస్థ భూమి కార్యాలయానికి ఫోన్ చేసి, నేను ఆగదలచిన చోట్లు చెప్పాను. అవతలి ఉద్యోగిని ఓపికగా ఒక్కో మలుపు దగ్గర ఏ సర్వే నంబరు ఉందో చదివి వినిపించింది. నేను పటం మీద పెన్సిల్‌తో గీసుకుంటూ పోయాను. నలభై మైళ్ల ఒడ్డు మీద పదకొండు చతురస్రాలు తేలాయి. ఆ పెద్దావిడ శిబిరం దగ్గరికి వచ్చేసరికి పందిరి నిండా చేప పేళ్లు వేలాడుతున్నాయి, పొగ గుడిసె నుంచి ఆల్డర్ పొగ వస్తోంది. మేం పడవను అవతలి ఒడ్డు వైపు తోసుకుని, చేతులెత్తి నమస్కరించి దాటిపోయాం. మనవడు చెయ్యి ఊపి, రెండు మలుపుల దిగువన ఉన్న కంకర మేట ఈ ఏడు పొడిగా ఉందని కేకేసి చెప్పాడు.